చూడని పేజీ చదివి చూపించండి

ఎవరికీ అంతుబట్టని లిపిలో ఉన్న వోయినిచ్ రాతప్రతి అనే పాత పుస్తకాన్ని ఎవరో ఒకరు చదివేశామంటారు. మర్నాడు ‘600 ఏళ్ల మిస్టరీ వీడింది’ అని పత్రికలు హెడ్డింగ్ పెట్టేస్తాయి. వారం పది రోజుల్లో అది నిలబడదని తేలిపోతుంది, ఆ సంగతి మాత్రం ఎక్కడా రాదు. పత్రికలు అన్నప్పుడు మమ్మల్ని మేం కూడా కలుపుకునే అంటున్నాం.

ఆ పుస్తకం అమెరికాలో యేల్ యూనివర్సిటీ వారి బైనెకీ లైబ్రరీలో ఎంఎస్ 408 అనే నంబరుతో ఉంది. దూడ తోలు మీద రాసిన దాదాపు 240 పేజీలు, 23 సెంటీమీటర్ల పొడవు, 16 వెడల్పు, అంటే బ్యాగులో పట్టేంతే. 2009లో ఆరిజోనా యూనివర్సిటీ వాళ్లు కార్బన్ పరీక్ష చేసి ఆ తోలు 1404–1438 మధ్యదని తేల్చారు. 1912లో విల్‌ఫ్రిడ్ వోయినిచ్ అనే పాత పుస్తకాల వ్యాపారి ఇటలీలో జెస్యూట్లనే క్రైస్తవ గురువుల దగ్గర కొన్నాడు కాబట్టి ఆ పేరు. లోపల ఏ అడవిలోనూ దొరకని మొక్కల బొమ్మలు, రాశిచక్రాలు, ఆకుపచ్చ నీళ్ల తొట్లలో స్నానాలు చేస్తున్న ఆడవాళ్లు. చుట్టూ చక్కగా, తడబాటు లేకుండా, దాదాపు కొట్టివేతలే లేకుండా రాసుకుంటూ పోయిన రాత. పరిశోధకులు పని జరగడం కోసం ఆ గుర్తులకు రోమన్ అక్షరాలు పెట్టుకున్నారు, ఆ లెక్కన చదివితే ఒకచోట ‘కొకెడి కొకెడి డల్ కొకెడి కొకెడి’ అని వస్తుంది. ఎవరు మాట్లాడతారు ఇలా? అయినా అడ్డదిడ్డంగా గీసిన గీతలు కావవి. కొన్ని గుర్తులు పదం మొదట్లోనే వస్తాయి, కొన్ని చివర్లోనే, పొడవాటివి కొన్ని పేరా మొదటి లైన్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. 1940లో జపాన్ దౌత్య గూఢలిపిని ఛేదించిన అమెరికా బృందానికి పెద్ద విలియం ఫ్రీడ్‌మన్. అంతటి మనిషి దశాబ్దాల పాటు దీనితో కుస్తీ పట్టి, ఒక్క వాక్యం కూడా చదవకుండానే పోయాడు.

మరి ఇంత కొరకరాని కొయ్యకి ఇన్ని ‘పరిష్కారాలు’ ఎలా పుడుతున్నాయి? ఒక కాగితం తీసుకుని ‘క ల’ అని రాయండి, గుణింతాలు, ఒత్తులు వదిలేశారనుకోండి. అది కల కావచ్చు, కాలు కావచ్చు, కాలి, కూలి, కీలు, కల్లు ఏదైనా కావచ్చు. పక్కన ‘ప ల’ అని రాయండి. పాలు, పులి, పూలు, పిల్ల, పల్లె. రెండంటే రెండు మాటలకే 30 జతలు వచ్చాయి, అందులో మీకు నచ్చే అర్థం ఒకటి దొరక్కుండా పోదు. 1978లో ఒకాయన ఇది అచ్చులు తీసేసిన ఉక్రేనియన్ అన్నాడు. 2018లో వార్తలకెక్కిన కెనడా పరిశోధన ఇది హీబ్రూ కావచ్చు, అచ్చులు లేవు, పదాల్లో అక్షరాల వరుస కూడా మార్చేసి ఉంటారు అంది. (ఆ పరిశోధకులు జాగ్రత్తగానే మాట్లాడారు, రహస్యం బయటపడిందని ఊదరగొట్టింది పత్రికలే.) అచ్చులు మన ఇష్టం, వరుస మన ఇష్టం అయినప్పుడు కనిపించేది చదివేవాడి మనసులో ఉన్నదే. ఇప్పుడు ఏఐకి నాలుగు ఫొటోలు ఇచ్చి అడిగినా, ఎంతో నమ్మకంగా ఒక అనువాదం చేతిలో పెట్టేస్తుంది.

ఇది చదువు తక్కువవాళ్లు చేసే పొరపాటని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. 1921లో విలియం న్యూబోల్డ్ అనే పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఫిలాసఫీ ప్రొఫెసర్, ఒక్కో అక్షరంలోనూ భూతద్దానికి మాత్రమే కనిపించే సన్నటి గీతలున్నాయని, అవి షార్ట్‌హ్యాండ్ లాంటి పొట్టి రాతలని, రాసింది 13వ శతాబ్దపు పండితుడు రోజర్ బేకన్ అని చెబితే పెద్దపెద్దవాళ్లు నమ్మారు. 1931లో జాన్ మాన్లీ అనే మరో ప్రొఫెసర్ అసలు విషయం బయటపెట్టాడు. గరుకు తోలు మీద సిరా ఎండిపోయి బీటలు వారింది, న్యూబోల్డ్ ఏళ్ల తరబడి కళ్లు పొడుచుకుని చదివింది ఆ బీటల్ని. న్యూబోల్డ్ మోసగాడు కాదు, నిజాయితీగా నమ్మాడు, ఆ ప్రొఫెసర్ గిరీ ఆయన్ని కాపాడలేదంతే.

నిలబడిన పరిష్కారం ఎలా ఉంటుందో చూడాలంటే మైకేల్ వెంట్రిస్‌ని చూడాలి. ఇళ్ల డిజైన్లు గీసే ఆర్కిటెక్ట్, ఖాళీ వేళల్లో క్రీట్, గ్రీసుల్లో దొరికిన లీనియర్ బి అనే ప్రాచీన లిపి ఉన్న మట్టి పలకల మీద పనిచేసేవాడు. 1952లో బీబీసీ రేడియోలో ఇది పాత గ్రీకు భాషేనని ప్రకటించాడు. చాలామంది నమ్మలేదు, నమ్మాల్సిన పనీ లేదు. మరుసటేడు, గ్రీసులోని పైలోస్‌లో తవ్వకాలు చేస్తున్న కార్ల్ బ్లీగెన్ కొత్తగా దొరికిన ఒక పలకని శుభ్రం చేసి, వెంట్రిస్ పట్టిక పక్కన పెట్టుకుని చదివాడు. మూడు కాళ్ల పాత్ర బొమ్మ పక్కన ‘టి-రి-పో-డె’ అని వచ్చింది. నాలుగు పిడుల జాడీ పక్కన ‘నాలుగు చెవులది’ అని, పిడి లేనిదాని పక్కన ‘చెవి లేనిది’ అని! పట్టిక తయారుచేసే నాటికి వెంట్రిస్ ఆ పలకని చూడనే లేదు, చదివింది కూడా ఇంకొకరు. అక్కడితో చాలామంది అనుమానాలు తీరిపోయాయి.

మన దగ్గరా ఇదే జరిగింది. కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యత చూసే ఉద్యోగి జేమ్స్ ప్రిన్సెప్, సాంచీ స్తూపం కంచె మీది చిన్నచిన్న శాసనాలన్నీ చివర ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయని పట్టుకుని, భక్తులు ఇచ్చినవి కాబట్టి అది ‘దానం’ అయి ఉంటుందని ఊహించాడు. 1837లో బ్రాహ్మీ లిపి తలుపు అలా తెరుచుకుంది. ఆ అక్షరాలతోనే, ఆయన కలలో కూడా చూడని కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీది అశోకుడి మాటలు చదవగలిగారు. అక్కడ కొన్ని లైన్లు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి నాగలి చాళ్లలా తిరిగి ఉంటాయి, అయినా చదవడం ఆగలేదు.

అందుకే ఔత్సాహికుల్ని తరిమేయాలనే పండితుల చిరాకుతో మేం ఏకీభవించం. స్కాట్లండ్ రాణి మేరీ చెరలో ఉండి రాసిన 50కి పైగా గూఢలేఖల్ని 2023లో చదివి చూపిన ముగ్గురిలో ఒకరు కంప్యూటర్ శాస్త్రవేత్త, ఒకరు పియానో వాయించేవారు, ఒకరు భౌతిక శాస్త్రవేత్త. వోయినిచ్‌లోనూ ఈ రోజు ప్రపంచమంతా వాడే రోమన్ పట్టిక ఒక అంతరిక్ష ఇంజనీరు, ఒక దంతవైద్య కళాశాల అధ్యాపకుడు కలిసి పెట్టింది. పేజీ పేజీ కూర్చుని గుర్తులు ఎక్కించడం, లెక్కపెట్టడం, తప్పులు దిద్దడం, ఏ పేరూ రాని ఈ చాకిరీ చాలావరకు చేసింది ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు కూర్చున్న మామూలు మనుషులే. వాళ్లంటే మాకు గౌరవం. వాళ్ల కష్టం మీద ఎవరో రెండు వారాల్లో తేల్చేశానని చెప్పి హెడ్డింగ్ కొట్టేస్తే మాకు బాధగానే ఉంటుంది.

కాబట్టి ఇక మీదట మా డెస్కుకి అలాంటి కబురు వస్తే మేం ఒక్కటే అడుగుతాం. మీ పట్టిక ఇవ్వండి, ఏ గుర్తుకి ఏ ధ్వనో, ఎక్కడ మినహాయింపో అంతా రాసి ఇవ్వండి. మీరు ముట్టుకోని ఒక పేజీ, మీకు పరిచయం లేని ఇద్దరు విడివిడిగా చదువుతారు. ఇద్దరికీ ఒకే అర్థం వస్తే మొదటి పేజీలో వేస్తాం. రాకపోయినా దాచేయకండి, ఎక్కడ ఆగిపోయారో రాయండి, దానికీ చోటిస్తాం, ఎందుకంటే తర్వాత వచ్చేవాడికి ఆ దారిలో మళ్లీ నడవాల్సిన పని తప్పుతుంది.

ఈ పుస్తకంతో తలపడినవాళ్లలో మనకు తెలిసినంతలో మొదటివాడు 17వ శతాబ్దపు ప్రాగ్ నగరంలోని గియోర్గ్ బారెష్ అనే రసవాది. 1639లో రోమ్‌లో ఉన్న పండితుడు కిర్కర్‌కి ఉత్తరం రాసి సాయం అడిగాడు. బారెష్ పోయాక పుస్తకం అతని మిత్రుడు మార్సి చేతికొచ్చింది, మార్సి దాన్ని కిర్కర్‌కి పంపుతూ, చివరి ఊపిరి దాకా ఆశ వదులుకోలేదని బారెష్ గురించి రాశాడు, చదవడానికి బారెష్ పడ్డ పాట్ల కాగితాలు కూడా జత చేస్తున్నానన్నాడు. ఉత్తరం ఉంది, పుస్తకం ఉంది. ఆ కాగితాలు మాత్రం ఇంతవరకు దొరకలేదు.