కుర్చీ వేశారు సరే, పద్దు పుస్తకం ఏదీ?

బడులు తెరిచే జూన్ 12 దగ్గర పడిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడుల దగ్గర ఒకటే హడావుడి. తెలంగాణలో బడిబాట పేరుతో టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో పుస్తకాలు, యూనిఫాం కిట్లు పంచుతారు. ఇప్పుడు దానికి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ కూడా తోడైంది. 2024 డిసెంబర్ 7న బాపట్లలో, 2025 జూలై 10న కొత్తచెరువులో ముఖ్యమంత్రే వచ్చి తల్లిదండ్రుల మధ్య కూర్చున్నారు. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగే పోటీ, అందరికీ భోజనం. ఫొటోలు బాగా వచ్చాయి.

ఈ సందడి మీద నాకు కోపం లేదు. బడి గుమ్మం తొక్కడానికి జంకే తల్లి ఆ ఒక్క రోజైనా లోపలికొచ్చి బెంచీ మీద కూర్చుందంటే మంచిదే. నా పేచీ అంతా దీన్ని భాగస్వామ్యం అనడంతోనే. పెళ్లికొచ్చిన చుట్టాల్లా వచ్చి, తిని, ఫొటో దిగి వెళ్లేవాళ్లను ఎవరూ ఏమీ అడగరు, వాళ్లూ ఎవర్నీ ఏమీ అడగరు.

అడగడానికి వాళ్లకు హక్కు లేదా అంటే, నిక్షేపంగా ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. మన నిబంధనల ప్రకారం ఒక్కో తరగతి నుంచి ముగ్గురిని ఎన్నుకుంటారు, వాళ్లలో ఇద్దరు మహిళలు. అంటే ఐదు తరగతుల ప్రాథమిక పాఠశాలకు 15 మంది. వీళ్లు చేయాల్సిన పనేమిటో కూడా చట్టంలోనే రాసి ఉంది. బడి ఎలా నడుస్తోందో చూడాలి, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి, ప్రభుత్వం నుంచి గానీ ఇంకెక్కడి నుంచి గానీ బడికి వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడాలి. ప్రణాళిక మూడేళ్లకు ఉండాలి, ఏడాది చివర జమాఖర్చులు తేల్చాలి. ముగ్గుల పోటీ ఊసు ఇందులో ఎక్కడా లేదు.

నిజానికి మనం దేశం కంటే ముందే మొదలుపెట్టాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చారు. అప్పట్నుంచి కమిటీ పేరు మార్చని ప్రభుత్వం లేదనే చెప్పాలి. విద్యా కమిటీ, యాజమాన్య కమిటీ, పేరెంట్స్ కమిటీ, తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ. చివరిదానికి మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు సారథి. ఆమె సమర్థురాలే కావచ్చు. కానీ ఎన్నుకున్న తల్లిదండ్రుల కమిటీ ఒకటి ఉండగా పనులూ డబ్బులూ ఇంకో కమిటీ చేతికి వెళ్తే, మొదటిదానికి మిగిలేది సంతకాలే. ఆంధ్రలో బడులు బాగుచేసే నాడు-నేడు పనులకు ఒక మేలైన పద్ధతి పెట్టారు, నిధులు పేరెంట్స్ కమిటీ ద్వారానే ఖర్చు కావాలన్నారు. సిమెంటు, ఇసుక లెక్కల భారం హెడ్మాస్టర్ల నెత్తిన పడిందని టీచర్లు మొత్తుకున్నారు, అదీ నిజమే. అయినా పద్దు పుస్తకం తల్లిదండ్రుల దాకా వచ్చిన ఆ కొద్దికాలం నాకు ఎన్ని మెగా మీటింగుల కంటేనైనా ఎక్కువే.

ప్రాథమిక బడి గురించే ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, తల్లి బడి గేటు దాకా వచ్చే వయసు అదొక్కటే. ఒకటో తరగతి పిల్లను చెయ్యి పట్టుకుని దింపి వెళ్తుంది. హైస్కూలుకు వచ్చేసరికి పిల్లే వద్దంటుంది. ఆ ఐదేళ్లలో అడిగే అలవాటు పడకపోతే ఇంక ఎప్పటికీ పడదు. పప్పు ఎందుకు నీళ్లగా ఉంది, కుళాయి ఎన్నాళ్లుగా పాడై ఉంది, మా వాడికి ఇంకా గుణింతాలు ఎందుకు రావడం లేదు... ఇవి అడగడానికి డిగ్రీలు అక్కర్లేదు. మధ్యాహ్న భోజనాన్ని వడ్డించే ముందు రుచి చూసి రిజిస్టర్‌లో రాసే పద్ధతి ఉంది. రోజుకో తల్లి వంతున ఆ పని చేస్తే వంటలో తేడా వారంలో తెలిసిపోతుంది. ఆ రిజిస్టర్ నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండితే ఎవరికీ ఏమీ తెలియదు.

కమిటీలు వస్తే ఊరి రాజకీయాలు బడిలోకి వస్తాయని టీచర్లు భయపడతారు. భయం ఊరికే పుట్టలేదు, ఛైర్మన్ పదవి కోసం పార్టీలు కొట్టుకున్న ఊళ్లున్నాయి. చదువు రాని వాళ్లు మాకేం చెబుతారన్న చిరాకు కూడా కొందరిలో ఉంది, దాన్ని నేను పట్టించుకోను. రాజకీయాల మాటకొస్తే ఒక్క సంగతి. టీచర్లకు చదువు కాని పనులు అంటగడుతున్నారా లేదా అని చూడటం కూడా ఈ కమిటీ పనుల్లో ఒకటి. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప వేరే పనులకు టీచర్లను పంపకూడదని చట్టం అంటోంది. ఆ మాట టీచర్ అంటే మెమో వస్తుంది. పదిహేను మంది తల్లిదండ్రులు తీర్మానం చేసి పంపితే ఎవరికి మెమో ఇస్తారు? టీచర్లకు ఇంతకంటే గట్టి అండ ఎక్కడ దొరుకుతుంది?

ప్రైవేటు బడుల సంగతి వదిలేద్దాం. ప్రభుత్వ సాయం లేని బడులకు ఈ కమిటీ నిబంధనే వర్తించదు. అక్కడ ఫీజు కట్టేవాళ్లకు దొరికేది ప్రోగ్రెస్ రిపోర్టు రోజున ఐదు నిమిషాలు.

మరి ప్రభుత్వ బడి మీటింగుకు తల్లిదండ్రులు ఎందుకు రారు? ఉదయం పదకొండింటికి పెడితే ఎవరొస్తారు? బడి తెరిచేదీ, పొలం పనులు మొదలయ్యేదీ ఒకే నెలలో. పత్తి గింజలు పెట్టే రోజుల్లో, నారు పోసే రోజుల్లో కూలి వదులుకుని రమ్మంటారు, రాకపోతే పిల్లల చదువు మీద శ్రద్ధ లేదంటారు. సాయంత్రం ఆరు తర్వాత గానీ ఆదివారం గానీ పెట్టండి, అప్పుడు మాట్లాడదాం వాళ్ల శ్రద్ధ గురించి.

అసలు జబ్బు దీనికంటే లోతున ఉంది. మన బడి ఎవరికి జవాబుదారీ? హెడ్మాస్టర్ రోజు ఎలా గడుస్తుందో చూడండి. హాజరు యాప్‌లో, భోజనం లెక్క యాప్‌లో, గుడ్ల లెక్క యాప్‌లో. ఆంధ్రలో టాయిలెట్లను కూడా ఫొటో తీసి యాప్‌లో పెట్టమన్నారు. టాయిలెట్ శుభ్రంగా ఉందో లేదో రాజధానిలో డ్యాష్‌బోర్డు చూసే అధికారికి తెలియాలి, అదే టాయిలెట్‌కు కూతుర్ని పంపే తల్లికి తెలియనక్కర్లేదన్నమాట! లెక్క చెప్పడం అనేది మన దగ్గర ఎప్పుడూ పైకే పోతుంది. బడే కాదు, పంచాయతీ అంతే, ఆసుపత్రి అంతే, రేషన్ అంతే. ఊళ్లో జరిగే పనికి ఊరు సాక్షి కూడా కాదు. గ్రామసభ కోరం కోసం సంతకాలు సేకరించే స్థితికి వచ్చింది. పథకం డబ్బు నేరుగా ఖాతాలో పడటం గొప్పే, కాదనను. కానీ ఖాతాలో పడేది తప్ప ఊళ్లో ఏ నిర్ణయంతోనూ మనిషికి సంబంధం లేకుండా పోతోంది. బడి కమిటీ ఈ వ్యవస్థలో అన్నిటికంటే చిన్న మెట్టు. ఆ మెట్టు మీదే నిలబడనివ్వనప్పుడు అధికార వికేంద్రీకరణ గురించి ఉపన్యాసాలు ఎవరికి?

డబ్బు మాటే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో బడికెళ్లే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనం పథకం కింద పిల్లకో పిల్లాడికో 15,000 రూపాయలు. 2025లో అందులో 2,000 బడి, టాయిలెట్ల నిర్వహణకని మినహాయించి 13,000 ఖాతాలో వేశారు. అంతకుముందు అమ్మఒడిలోనూ ఇలాంటి కోతే ఉండేది. ప్రభుత్వాలు మారినా ఈ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయం ఉంది. 60 మంది పిల్లలున్న బడిలో అందరికీ పథకం వచ్చిందనుకుంటే, ఆ తల్లుల వాటా 1,20,000 రూపాయలు. మినహాయించే ముందు వాళ్లను అడిగారా? ఆ డబ్బులో తమ బడికి ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో చెప్పారా?

కాబట్టి ఈ ఏడు బడి తెరిచిన పదిహేను రోజుల్లో, ఏదో ఒక సాయంత్రం, షామియానా లేకుండా మొదటి కమిటీ సమావేశం పెట్టాలి. నిరుడు వచ్చిందెంత, పోయిందెంత అన్నది చదివి వినిపించి, అదే లెక్కను బడి గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి. ఈ ఏడు ముందు బాగు చేయాల్సింది కుళాయా, ప్రహరీయా, టాయిలెట్ తలుపా అన్నది ఆ పదిహేను మంది చేతులెత్తి తేల్చాలి. దీనికి కొత్త చట్టం, కొత్త జీవో, కొత్త పేరు ఏవీ అక్కర్లేదు. మండల విద్యాధికారి ఒక్కో బడికి వచ్చినప్పుడు యాప్ తెరవకముందు మినిట్స్ పుస్తకం అడిగితే చాలు.