మూలార్థాల మెసేజ్‌కి ఒక జవాబు

పొద్దున్నుంచి ఐదోసారి వచ్చింది. ‘తెలుగు మరిచిన తెలుగోడా!’ అని మొదలై వరసగా దండాల బొమ్మలతో ముగిసే మెసేజ్. మాటకు మూలంలో ఉన్నదే అసలు అర్థమట, జనం ఇప్పుడనుకునేది అజ్ఞానమట. మూలం మంచిదైతే ఎవరినైనా అనొచ్చట, నొచ్చుకుంటే తప్పు వాళ్ళదేనట.

కంపు అంటే ఒకప్పుడు సువాసన. నిజమే, కన్నడంలో ఇప్పటికీ అంతే. ఈసారి మీ వియ్యపురాలితో ‘కంపు కొడుతున్నారండీ’ అని చూడండి.

చీర మగవాళ్ళూ కట్టేవారట. రాముడి నారచీరలు ఎవరికి తెలియవు? తర్వాత.

ఉద్యోగమంటే ప్రయత్నమట. ఉద్యోగపర్వంలో నోటిఫికేషన్లు పడలేదని మాకూ తెలుసు. ఇది పంపిన బాబాయ్ మాత్రం ఉద్యోగ విరమణ చేసి పింఛను తీసుకుంటున్నాడు. ప్రయత్నం మానేసినందుకు నెలనెలా డబ్బులన్నమాట!

సాని గౌరవపదమే. దొరసానిలో ఆ మర్యాద మిగిలింది, సానికొంపలో మిగల్లేదు. ఆ మాటను చెడగొట్టింది నిఘంటువు కాదు, ఆ ఆడవాళ్ళను చూసిన చూపు.

అసలు ఒళ్ళు మండింది ఏడో పాయింటుకి. ‘హరిజనులంటే దేవుడి బిడ్డలు, ఇంత పవిత్రమైన మాటకు అభ్యంతరమేమిటి? ఈ తరానికి అన్నీ గుచ్చుకుంటాయి.’ ఈ తరమా? 1938లో బొంబాయి శాసనసభలో ఆ పేరును చట్టంలోకి ఎక్కిస్తుంటే అంబేడ్కర్ తన పార్టీవాళ్ళతో సహా లేచి బయటికి నడిచారు. గాంధీగారు ఆ మాటను ప్రచారంలో పెట్టకముందే, 1917లో మన బెజవాడలో, దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ ‘ఆది ఆంధ్రులం’ అని తమ పేరు తామే పెట్టుకుంది. అడిగినవాళ్ళెవరు, ఇంకో పేరు కావాలని? 1982లో కేంద్రం కూడా కుల ధ్రువపత్రాల్లో ఆ మాట రాయొద్దంది. మరి దేవుడి బిడ్డల్ని ఊరి బయట ఎందుకుంచారో, తండ్రి గుడిలోకే ఎందుకు రానివ్వలేదో మెసేజ్‌లో లేదు. చోటు చాలలేదేమో, దండాలు ఎక్కువయ్యాయి కదా. అంత ముచ్చటైన పేరైతే మీ కాలనీ ఆర్చీ మీద రాయించుకోండి, చందా నేనిస్తాను.

ఎనిమిదోది: ‘పేర్లు మారిస్తే బతుకులు మారతాయా?’ దీన్ని మాత్రం ఒప్పుకుంటాను. వికలాంగుల్ని దివ్యాంగులన్నాం. మా వీధి చివరి బ్యాంకుకు ఇప్పటికీ ఏడు మెట్లే, ర్యాంపు లేదు. బాబాయ్, ఆ ఒక్క లైను కత్తిరించి పంపు, నేనూ ఫార్వర్డ్ చేస్తాను.