పడక వారం

ఉగాదికి సెలవుంది, ఎన్నికలకు సెలవుంది, నాలుగు చినుకులు గట్టిగా పడితే బడులకూ సెలవుంది. మారథాన్ పరిగెత్తి వచ్చినవాడికి మాత్రం ఒక్క పూట కూడా లేదు. ఈ అన్యాయాన్ని ప్రభుత్వం వెంటనే సరిదిద్దాలి. ఊరికే అనడం లేదు, మా బామ్మర్దిని కళ్లారా చూస్తూ అంటున్నాను. ఆగస్టు ఆదివారం హైదరాబాద్‌లో పరుగు పూర్తిచేసి, ఆ కాళ్లతోనే రాత్రి బస్సెక్కి కర్నూలు చేరాడు. అప్పట్నుంచి బి.క్యాంపు ఇంట్లో మంచం దిగలేదు. పడుకున్నాడంటే ఒప్పుకోడు, రికవరీలో ఉన్నాడట.

ఈ కష్టానికి మూలం ఎక్కడుందో చూడాలి. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగియాలని 26 మైళ్లకు ఇంకో 385 గజాలు కలిపారు. 1921లో ఆ దూరమే ప్రపంచానికంతా ఖాయమైంది. 42.195 కిలోమీటర్లు. తెల్లదొరలు పోయి ఇన్నేళ్లయినా, వాళ్ల రాజుగారింటివాళ్లు కుర్చీలోంచి కదలకుండా చూడాలని తగిలించిన గజాలకు కర్నూలు మోకాళ్లు ఇంకా కప్పం కడుతున్నాయి. అంతకుముందు గ్రీకు కథలో మారథాన్ నుంచి ఏథెన్స్‌కు పరిగెత్తిన మనిషి "గెలిచాం" అని చెప్పి అక్కడికక్కడే ప్రాణం వదిలాడంటారు. ఇంట్లోవాళ్లను వారం పాటు సతాయించని మారథాన్ రన్నరు ఆయనొక్కడే.

సోమవారం పొద్దున మేడ మెట్లు దిగడం పెద్ద కార్యక్రమమైంది. మా వాడు గోడవైపు తిరిగి, కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టు దిగుతుంటే ఎదురింటి పెద్దమ్మ చెంపలేసుకుంది, ఏదో మొక్కనుకుని. ఎక్కేటప్పుడు ఇంత బాధ లేదు, దిగేటప్పుడే. దీనికి కారణం ఉంది. పల్లానికి దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువు ఆపాలి, అప్పుడే కండ పోగుల్లో సన్నని చీలికలు పడతాయి. హైదరాబాద్ ఫ్లైఓవర్లు దిగిన ప్రతిసారీ జరిగింది అదే. నొప్పి రెండో రోజు, మూడో రోజు ముదురుతుంది. మా వాడు మాత్రం ఇదంతా పరుగులో కండల్లో పుట్టే లాక్టిక్ యాసిడ్ పని అని అందరికీ పాఠం చెబుతున్నాడు. అది పరుగు ఆగిన గంట రెండు గంటల్లోనే సర్దుకుంటుంది, బస్సెక్కే వేళకే పోయి ఉంటుంది. అయినా నేను నోరెత్తలేదు. నొప్పిలో ఉన్నవాడికి యాసిడ్ అనే మాట ఒక హోదా.

ఇక నాటు లెట్రిన్‌లో కూర్చోవడం, లేవడం గురించి మర్యాదస్తుల పత్రికలో రాయలేను. తలుపు బయట నిలబడి చెయ్యందించింది నేనే అన్నంతవరకు చాలు.

మంగళవారం ఐసు స్నానం. టబ్బు లేదు కాబట్టి నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్ములో, చేపల అంగడి నుంచి తెచ్చిన ఐసుగడ్డలు వేసుకుని నడుముదాకా దిగాడు. దిగడమైతే దిగాడు, కాలెత్తి బయటికి రాలేకపోయాడు. సరిగ్గా అప్పుడే కుళాయి వచ్చింది. వీధంతా బిందెలు మోగుతున్నాయి, మా చెల్లెలు పైపు పట్టుకుని నిలబడింది, డ్రమ్ములో మొగుడున్నాడు. ఆ పూట ఆమె అన్న మాటలు కూడా పత్రికలో రాయలేను.

పరుగు పెద్దల లెక్క ఒకటుంది: పరిగెత్తిన ప్రతి మైలుకూ ఒక రోజు గట్టి పరుగు లేకుండా తేలికగా గడపాలి. అంటే 26 రోజులు. ఇంట్లో మైల పట్టినా పదకొండో రోజుకు తీరిపోతుంది. పైగా రేసుకు ముందు రెండు మూడు వారాలు పరుగు తగ్గించుకోవాలని శాస్త్రం. ముందూ విశ్రాంతే, వెనకా విశ్రాంతే. మధ్యలో ఒక ఆదివారం పాడైంది, అంతే. ఇంత గొప్ప ఏర్పాటు ఉద్యోగ సంఘాల కంట ఇన్నాళ్లూ ఎలా పడలేదో.

కండల్లో గ్లైకోజెన్, అంటే కండలు దాచుకునే ఇంధనం, నింపాలని ఉగ్గాని బజ్జీ రెండేసి ప్లేట్లు నడుస్తోంది. ఆ లెక్కన మా వీధిలో చాలామంది ఏ రేసూ పరిగెత్తకుండానే నింపుకుంటున్నారు.

నాలుగో రోజు నుంచి కాస్త నడిస్తే మంచిదని మా వాడే ఎక్కడో చదివి నోరు జారాడు. "నడవాలంటున్నావు కదా, మార్కెట్ యార్డుకు పోయి ఉల్లిగడ్డలు తీసుకురా" అంది చెల్లెలు. తోడు నేను. యార్డులో ఒక హమాలీ బస్తా దించి, మా వాడి నడక చూసి ఆగాడు.

"ఏమప్పా, బండి మీద నుంచి పడినావా?"

"లేదన్నా, మారథాన్. నలభై రెండు కిలోమీటర్లు."

"అబ్బో. ఎన్నో నంబరొచ్చినావు?"

"నంబరు కాదన్నా, పూర్తి చేస్తే చాలు. మెడల్ ఇస్తారు."

"కూలెంత ఇచ్చిరి?"

"ఇవ్వరన్నా. మనమే ఫీజు కట్టాలి."

హమాలీ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. మా వాడిని పైనుంచి కిందికి ఇంకోసారి చూశాడు. తర్వాత లారీ దగ్గరున్న ఇద్దరిని కేకేసి పిలిచాడు: "రేయ్, బస్తాలు ఆడ పెట్టి ఇట్ల రాండ్రా, ఈయప్పను చూద్దురు."