మేడమ్ గారి బాల్‌పెన్నూ, మా గుడ్డూ

రెండుసార్లు ఉతికినా చొక్కా నీచు వాసన వదల్లేదు. ఆ వాసన పోయేలోగా ఇది రాసేయాలి.

మావాడు తొమ్మిదో తరగతి. కణం పొర గుండా పదార్థాలు ఎలా రాకపోకలు సాగిస్తాయో ప్రాజెక్టు చేసి తేవాలని స్కూల్ గ్రూపులో మెసేజ్ పడింది. రాత్రి తొమ్మిదిన్నరకి. తల్లిదండ్రులంతా వరసగా దండం బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. ఎవడి పిల్లాడి మార్కులు వాడివి.

గుడ్డుని వెనిగర్‌లో నానబెట్టాం. పెంకు అంటే కాల్షియం కార్బొనేటే కదా, బుడగలు కక్కుతూ రెండ్రోజుల్లో కరిగిపోయింది. మిగిలిన మెత్తటి గుడ్డుని మంచినీళ్ళలో వేస్తే, తెల్లారేసరికి నీళ్ళు తాగి బత్తాయంత అయింది. "లోపలి ప్రోటీన్లు పెద్దవిరా, పొర దాటలేవు. నీళ్ళు మాత్రం దూరిపోతాయి. ఇదే ద్రవాభిసరణ" అని గొప్పగా చెప్పాను.

"కాకరకాయ చక్రాలకి ఉప్పు పట్టిస్తే నీళ్ళు ఊరవూ? దానికింత పేరెందుకు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. మూడు రోజులుగా వెనిగర్ కంపు భరిస్తున్న మనిషి. నోరు మూసుకున్నాను.

పంచదార పాకంలో వేసిన రెండో గుడ్డు చక్కగా ముడుచుకుంది. పాడైపోయిందనుకుని మా అమ్మ పారబోసింది. దాని కథ అంతే.

స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ పిల్లల్ని వదిలి నన్ను ఆపాడు. పాస్ కావాలట. ఏది లోపలికి పోవాలో ఏది పోకూడదో నిర్ణయించే పొర గురించి చేతిలో గిన్నె పట్టుకుని ఇరవై నిమిషాలు ఎండలో ఆలోచించాను.

జడ్జి మేడమ్ మా బల్ల దగ్గరికి వచ్చి, గుడ్డు వైపు చూడకుండానే "చార్ట్ ఏదీ?" అన్నారు. చార్ట్ లేదు. గుడ్డు ఉంది. "తీసి చూపించండి" అన్నారు. అరచేతిలో పెట్టుకుని చూపించాను.

ఆ గుడ్డుని మీరు చూడాల్సింది. కిటికీ వెలుగు పడితే లోపల పచ్చసొన మబ్బు చాటు చందమామలా కదులుతోంది. పొర ఎంత బిగిసి ఉందంటే, ఊపిరి గట్టిగా వదలాలన్నా భయం. నేను ఇంటర్లో ఎంపీసీ. ముందురోజు రాత్రి కూర్చుని బట్టీ పట్టిందంతా అప్పజెప్పడం మొదలెట్టాను. కణం పొరలో నీటికోసం ఆక్వాపోరిన్లని ప్రత్యేకంగా దారులుంటాయనీ, వాటిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ ఇచ్చారనీ. మావాడు వెనకనుంచి చొక్కా లాగుతున్నాడు. సిగ్గుతో అనుకున్నాను. కాదు, వాడు మేడమ్ చేతిలో బాల్‌పెన్ చూశాడు.

నీలం బాల్‌పెన్. క్యాప్ లేదు. "ఇదేనా పొర?" అంటూ మేడమ్ ఒకసారి పొడిచారు. గుడ్డు సొట్టపడి మళ్ళీ లేచింది. ఆవిడకి సరదా వేసినట్టుంది, ఇంకోసారి పొడిచారు. మళ్ళీ లేచింది. నిజానికి అది కణం పొర కాదు, ప్రోటీన్ దారాలతో అల్లిన మామూలు పొర, పోలిక కోసం వాడతారంతే. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచాను. మూడో పోటు అప్పుడే పడింది.

తెరిచిన నోట్లోకి కొంత వచ్చింది. మిగతాది చొక్కా మీద, మార్కుల కాగితం మీద, పక్కబల్ల మీది థర్మోకోల్ కణం మీద. ఆ థర్మోకోల్ కణం పిల్ల ఏడుపు అందుకుంది. వాళ్ళ నాన్న నావైపు చూసిన చూపు చెప్పను.

మొదటి బహుమతి అగ్నిపర్వతానికి ఇచ్చారు. వంటసోడా వేస్తే పొంగే అగ్నిపర్వతం. కణం పొరకీ దానికీ ఏమిటి సంబంధమని అడిగితే "ప్రెజెంటేషన్ బాగుంది సార్" అన్నారు. పొడిచింది ఆవిడ. బల్లమీది గుడ్డ మాత్రం నన్ను ఉతికించి పంపమన్నారు. మా బాల్కనీలో ఆరుతోంది.