వేదిక మీద స్నేహం సరే, మగ్గం దగ్గర?

కొరియా–ఫిలిప్పీన్స్ స్నేహోత్సవాలు ఎక్కడ జరిగినా వరస ఇంచుమించు ఒకటే. రాయబారుల ప్రసంగాలు, కొరియన్ సంప్రదాయ దుస్తులు హాన్‌బోక్ తొడుక్కుని ఫొటోలు, ఒక మూల కాగితపు విసనకర్రలకు రంగులు, చివర్లో కె-పాప్ డాన్స్ పోటీ. జనం వస్తారు, సరదాగానే గడుస్తుంది. మర్నాటికి ఒకరి పని ఇంకొకరికి తెలిసిందా అంటే మాత్రం జవాబు ఉండదు.

ఈ చుట్టరికం నిన్నమొన్నటిది కాదు. 1949 మార్చి 3న దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. మరుసటి ఏడాదే కొరియా యుద్ధం వస్తే ఫిలిప్పీన్స్ విడతలుగా 7,400 మందికి పైగా సైనికులను పంపింది. వందమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆనక అధ్యక్షుడైన ఫిదెల్ రామోస్ కూడా ఆ యుద్ధంలో పోరాడినవారే.

కె-పాప్‌ను తీసిపారేయడానికి ఇదంతా చెప్పడం లేదు. నిజానికి ఇచ్చిపుచ్చుకోవడం ఎలా ఉండాలో చూపింది ఆ రంగమే. బుసాన్‌లో పుట్టి ఫిలిప్పీన్స్‌లో పెరిగిన సాండారా పార్క్ 2004లో అక్కడి టీవీ పోటీతో పేరు తెచ్చుకుని, 2009లో సియోల్‌లో కె-పాప్ బృందం 2ఎన్ఈ1 సభ్యురాలిగా వెలుగులోకి వచ్చింది. ఫిలిప్పీన్స్ పాటల బృందం ఎస్‌బి19 కుర్రాళ్లు కొరియన్ సంస్థ దగ్గర కె-పాప్ పద్ధతిలోనే ఏళ్ల తరబడి సాధన చేసి, 2018లో తమ భాష తగాలోగ్‌లో పాటతో జనం ముందుకొచ్చారు. శిక్షణ అరువుది, పాట సొంతం. ఒక సాయంత్రంలో అయ్యే పని కాదది. సంప్రదాయ కళల దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక ఎందుకో కనిపించదు.

వెదురు బొంగుల మధ్య అడుగులేసే ఫిలిప్పీన్స్ నృత్యం టినిక్లింగ్‌ను కొరియన్ తాళంతో కలపడమే తీసుకోండి. దాదాపు తొమ్మిది అడుగుల వెదురు బొంగులు రెండు, వాటి కింద రెండంగుళాల మందం చెక్కలు. పాత పద్ధతిలో లెక్క మూడు: రెండుసార్లు బొంగులను చెక్కల మీద తట్టాలి, ఒకసారి ఒకదానికొకటి కొట్టాలి. కొరియన్ గుత్‌గోరి తాళం ఒక ఆవృతానికి నాలుగు దెబ్బలు, దెబ్బకు మూడు మాత్రలు. మన లెక్కలో తిశ్రగతి. అంటే ఒక గుత్‌గోరి ఆవృతంలో టినిక్లింగ్ నాలుగు చుట్లు సరిగ్గా ఇముడుతుంది. కాగితం మీద ఇంత చక్కగా కుదిరేది వేదిక మీద చెడేది వేగం దగ్గర. కొరియన్ తాళవాద్య బృందం నెమ్మదిగా మొదలుపెట్టి ఊపందుకుంటుంది. ఆ మార్పు ఆవృతం మధ్యలో వస్తే బొంగులు పట్టుకున్నవాళ్లు అరక్షణం వెనకబడతారు, దెబ్బ నర్తకి చీలమండకు తగులుతుంది. చెవులు గింగురుమనిపించే చిన్న కంచు గంట క్వెంగ్గ్వారిని కాకుండా జాంగ్గు డోలు మొదటి దెబ్బను పట్టుకుని బొంగులు కొట్టాలి. వేగం ఆవృతం మొదట్లోనే మార్చాలని ముందే ఒప్పందం ఉండాలి.

శ్రుతి సంగతి ఇంకా చిక్కు. దక్షిణ ఫిలిప్పీన్స్‌లో మగిందనావ్ వాళ్ల కులింతాంగ్ అంటే వరసగా పేర్చిన, బొడిపెలున్న ఎనిమిది గంటలు. వాటికి దేశమంతా ఒకే శ్రుతి అంటూ లేదు, ఏ జతది ఆ జతకే. పోతపోసిన లోహాన్ని వేదిక మీద మార్చలేం. కాబట్టి రెండూ కలిపి వాయించాలంటే సర్దుకోవాల్సింది వీణలాంటి కొరియన్ వాద్యం, పన్నెండు తంతుల గయగుమే. దాని ఒక్కో తంతి కింద ఒక్కో కదిలే మెట్టు ఉంటుంది. గంట కొట్టి, మోగుతుండగానే మెట్టు జరుపుకుంటూ స్వరం కలపాలి. అన్నిటికీ కలపడానికి అరగంటైనా పడుతుంది. మనీలా చెమ్మకు పట్టు తంతి సాగి శ్రుతి దిగుతుంది కనుక వాయించే ముందు మళ్లీ చూసుకోవాలి. చాలాచోట్ల ఈ అరగంట మిగుల్చుకోవడానికి రికార్డు చేసిన కీబోర్డు ట్రాక్ పెడతారు. అప్పుడు గంటలే అపస్వరంలా వినిపిస్తాయి, నేరం గంటలది కాకపోయినా.

అసలు పొత్తు కుదిరే చోటు నా లెక్కలో మగ్గం. కొరియాలో సోచాన్ జిల్లా హన్సాన్ మోసి నేత 2011లో, ఫిలిప్పీన్స్‌లో అక్లాన్ రాష్ట్రపు పిన్యా నేత 2023లో యునెస్కో జాబితాకెక్కాయి. ఒకటి రెమీ మొక్క నార, ఇంకొకటి అనాస ఆకు నార. రెండూ ఎండాకాలపు పల్చటి బట్టలే. పిన్యాలో ఆకు పైపొరను పగిలిన పింగాణీ పళ్లెం అంచుతో గీకి ముతక నార తీస్తారు, లోపలి సన్నటి లినివాన్ నారను కొబ్బరి చిప్పతో రాబడతారు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు. మోసి నారను పళ్లతో చీల్చి, కొసలను ఉమ్మితో తడిపి మోకాలి మీద పులిమి అతికిస్తారు. పిన్యాలో పోగుకు పోగు ముడివేస్తారు. ముడి పెద్దదైతే అచ్చులో చిక్కి పోగు తెగుతుంది. అతుకు వదులైతే పడుగు లాగగానే విడిపోతుంది. ఇద్దరు నేతగత్తెలు పక్కపక్కన కూర్చుంటే మాట్లాడుకోవాల్సింది దీని గురించే, ఒకరి భాష ఒకరికి రాకపోయినా.

మోసి పడుగుకు సోయా పిండి గంజి పెట్టి, సన్నటి సెగన ఆరబెడతారు. నేసేది చెమ్మ నిలిచే గదుల్లో, ఎక్కువగా మే నుంచి ఆగస్టు దాకా. పొడిగాలి తగిలితే పోగులు పుటుక్కుమంటాయి. మరి స్నేహ వార్షికోత్సవం వచ్చేది మార్చిలో, కొరియాలో గాలి పొడిగా ఉండే రోజుల్లో. ఏసీ మాల్‌లో మగ్గం పెట్టి నేసి చూపించమంటే పనిమంతురాలు గంటసేపు తెగిన పోగులే అతుకుతూ కూర్చుంటుంది. చూసేవాళ్లు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు.

ఇంకొక లోపం, ఎవరిని పిలుస్తున్నారన్నది. 2004లో కుదిరిన ఉపాధి ఒప్పందం కింద వెళ్లిన ఫిలిప్పినో కార్మికులు కొరియా కర్మాగారాల్లో ఉన్నారు. 2024 ఆగస్టులో ప్రయోగాత్మకంగా వందమంది గృహ సంరక్షకులు సియోల్ చేరారు. ఆదివారమొస్తే హేహ్వా-దోంగ్ చర్చిలో తగాలోగ్ ప్రార్థన, బయట వీధిలో ఫిలిప్పినో అంగడి. కార్యక్రమాలు పనిదినాల్లో హోటల్ హాళ్లలో పెడితే వీళ్లెవరూ రాలేరు. టినిక్లింగ్ రిహార్సల్ పెట్టాల్సింది ఆదివారం మధ్యాహ్నం, ఆ చర్చి దగ్గర్లో.

మార్చిలో ప్రసంగాలు, విందు కానివ్వండి. మగ్గం పని జులైకి జరపాలి. అక్లాన్ నుంచి ఇద్దరు నేతగత్తెలను సోచాన్‌కు కనీసం మూడు వారాలు రప్పించాలి, అతుకు చేతికి రావడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఇంటి దగ్గర ఆగిపోయే నేతకు కూలి కట్టివ్వాలి. దారి ఖర్చులతో సరిపెడితే వచ్చేది పనిలో ఆరితేరినవాళ్లు కాదు, తీరిక ఉన్నవాళ్లు.