టార్టాన్ గారికి ఒక విన్నపం

స్కాట్లాండ్ గళ్ళ ఉన్ని వస్త్రమైన మహారాజశ్రీ టార్టాన్ గారి సముఖానికి,

ఎడిన్‌బరో రాయల్ మైల్ వీధి మీద ఒక ఉన్ని బట్టల షాపులో శని, ఆదివారాలు మిమ్మల్ని విప్పి చూపించి, కొనకపోతే మళ్ళీ మడతపెట్టే గుంటూరు కుర్రాడు రాసుకునే విన్నపం. ఇక్కడ నేను క్షేమం. మీరెంత క్షేమంగా ఉన్నారో మా క్యాష్ కౌంటర్ చూస్తేనే తెలుస్తోంది.

ముందు మీ వయసు సంగతి. షాపుకొచ్చేవాళ్ళు మిమ్మల్ని ముత్తాతల నాటి వస్త్రమనుకుని కళ్ళకద్దుకుంటారు. గళ్ళ నేత పాతదే, కాదనను. కానీ ఫలానా ఇంటిపేరుకు ఫలానా గళ్ళు అనే పట్టా ఎప్పుడు పుట్టింది? 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ (స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండసీమ హైలాండ్స్ వాళ్ళ సంఘం) వాళ్ళు క్లాన్ల (ఒకే ఇంటిపేరు వంశాల) పెద్దలకు "మీ గళ్ళ నమూనా పంపండి" అని కబురు పెడితే, కొందరు పెద్దలకు తమ గళ్ళేవో తమకే తెలియలేదు. బానక్‌బర్న్‌లో విల్సన్ అనే నేతవాళ్ళు నంబర్లు వేసి అమ్ముకున్న డిజైన్లకు తర్వాత క్లాన్ పేర్లు అతుక్కున్నాయి. 1842లో ఇద్దరు అన్నదమ్ములు తాము స్టూవర్ట్ రాజవంశం వాళ్ళమని చెప్పుకుంటూ, ఏదో పాత రాతప్రతి దొరికిందని మీ మీద ఖరీదైన పుస్తకం ఒకటి వేశారు. ఆ రాతప్రతి బయటికి తీయమంటే మాత్రం తీయలేదు. అందులోని గళ్ళు మాత్రం మా అరల్లో ఇప్పటికీ మీటరు లెక్కన అమ్ముడవుతున్నాయి.

మీకు కష్టాలు రాలేదని కాదు. రాజు మీద తిరగబడ్డ హైలాండ్ సైన్యం ఓడిపోయిన కలోడెన్ యుద్ధం అయ్యాక 1746లో హైలాండ్ మగవాళ్ళు మీ వేషం వేయకూడదని చట్టం తెచ్చారు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్ళ ద్వీపాంతరం. 1782లో గానీ దాన్ని రద్దు చేయలేదు. పాపం అనుకున్నాను. బ్రిటిష్ సైన్యంలో చేరినవాడికి మాత్రం మినహాయింపు ఉందని తెలిశాక ఆ జాలి సగం అయింది.

అసలు విషయానికి వస్తాను. మొన్న కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఒక పెద్ద వయసు జంట వచ్చారు. ఆయన ఇంటిపేరు సదర్లాండ్. ఆవిడ పుట్టింటివాళ్ళు యుక్రెయిన్ నుంచి కెనడా వెళ్ళినవాళ్ళు. పూర్వీకుల ఊరు చూడాలని ఆయన కోరిక, ఆయన్ని తప్పిపోకుండా చూసుకోవడం ఆవిడ డ్యూటీ. జనరల్ రిజిస్టర్ హౌస్‌లో కూర్చుని 1855 నుంచి ఉన్న ప్రభుత్వ రిజిస్టర్లు గబగబా తిరగేశారట. అంతకు ముందు కాలానికి వెళ్తే చర్చి పుస్తకాలే గతి. ఆ పుస్తకాల్లో ఎటు చూసినా జాన్ సదర్లాండ్, వాడి కొడుకు విలియం, వాడి కొడుకు మళ్ళీ జాన్. ఇందులో మన జాన్ ఎవరని ఆవిడ అడిగితే, అందరూ మనవాళ్ళే అన్నారట ఆయన.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. మా పల్లెల కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ ఈ దేశంలోని స్టోర్నొవేలో పుట్టినవాడే. కావలి సోదరుల్ని సహాయకులుగా పెట్టుకుని ఊరూరా కరణాల దగ్గర వంశాలు, చెరువులు, మాన్యాలు అన్నీ రాయించాడు. ఆ శ్రద్ధలో పావు వంతు సొంత దేశంలో, హైలాండ్స్ ఉత్తరాన ఉన్న కిల్డోనన్ లోయ మీద ఎవరైనా పెట్టి ఉంటే, ఈ పెద్దాయన ఇంతమంది జాన్ల మధ్య తిరగాల్సి వచ్చేది కాదు.

ఎందుకంటే ఆయన వాళ్ళది కిల్డోనన్. సదర్లాండ్ జమీందారిణి ఎలిజబెత్ ఎస్టేటులో ఉండేది. మనుషులిచ్చే కౌలు కన్నా గొర్రెల కాపరులిచ్చే కౌలు ఎక్కువని లెక్క తేలింది. ఇక మనుషుల్ని ఖాళీ చేయించడం మొదలైంది. 1813లో కొంతమంది స్ట్రామ్‌నెస్‌లో కెనడా వెళ్ళే ఓడ ఎక్కారు. ఓడలో టైఫస్ జ్వరం. దించాల్సిన రేవులో దించకుండా హడ్సన్ అఖాతం ఒడ్డున చర్చిల్ దగ్గర దించేశారు. చలికాలం అక్కడే గడిపి, మరుసటి ఏడు మంచులో యార్క్ ఫ్యాక్టరీ అనే వర్తక స్థావరం దాకా నడిచి, చివరికి రెడ్ రివర్ చేరారు. నేటి విన్నిపెగ్‌లో కిల్డోనన్ అనే పేటలు ఉండటానికి కారణం వాళ్ళే. వెనక మిగిలినవాళ్ళలో చాలామందిని 1819లో వెళ్ళగొట్టారు. 1869లో అదే లోయ వాగుల్లో బంగారం దొరికిందంటూ జనం ఎగబడ్డారు. గొర్రెలకు ముందే తెలిసి ఉంటుందా అని నా అనుమానం.

హెల్మ్స్‌డేల్‌లో ఈ వలస వెళ్ళినవాళ్ళ కంచు విగ్రహం ఉంది. తండ్రి ముందుకు చూస్తుంటాడు, బిడ్డను ఎత్తుకున్న తల్లి వెనక్కి తిరిగి లోయను చూస్తుంటుంది. అలాంటిదే విన్నిపెగ్‌లోనూ ఉంది. పెద్దాయన రెండు చోట్లా ఫొటో దిగారు, ఫోన్‌లో చూపించారు. అక్కడికి వెళ్ళే దారిలోనే, గోల్స్పీ కొండ మీద జమీందారిణి గారి భర్త విగ్రహం ఆకాశమంత ఎత్తున నిలబడి ఉంటుంది. దాన్ని కృతజ్ఞత గల కౌలుదార్లే కట్టించారని కింద చెక్కి పెట్టారు. ఆవిడ అది చదివి గట్టిగా నవ్విందట.

ఇవన్నీ చూసి, ఏడ్చి, ఎడిన్‌బరో తిరిగొచ్చి, ఆయన మా షాపులో అడిగిందేమిటి? సదర్లాండ్ టార్టాన్ చూపించమని!

చూపించాను. ముదురు ఆకుపచ్చ, నీలం గళ్ళు. దాంతోపాటు బ్యాడ్జీ కూడా. మధ్యలో పిల్లి, చుట్టూ బెల్టు, మీద ఫ్రెంచిలో నినాదం. హైలాండ్ భాష గేలిక్ మాట్లాడిన జనానికి ఫ్రెంచి ఎందుకో మీకే తెలియాలి. ఆ పిల్లి క్లాన్ దొర సొంత గుర్తు. చుట్టూ ఉన్న బెల్టుకు అర్థం, పెట్టుకున్నవాడు ఆ దొర మనిషి అని. ఇది ఇక్కడి ఆచారం, మా షాపు కల్పన కాదు.

"మీవాళ్ళని గెంటేసింది ఈ దొరల కుటుంబమే కదా?" అంది ఆవిడ.

"రంగు మాత్రం బాగుంది," అన్నారాయన.

ఆయన్ని ఏమనగలం? ఇందులో మీ అనుభవం పెద్దది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వస్తే, నవలాకారుడు వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఊరంతటికీ మీ వేషం కట్టించాడు. రాజు గారు కిల్ట్ (మోకాళ్ళ దాకా ఉండే గళ్ళ పావడా) కింద ఒంటిరంగు మేజోళ్ళు తొడుక్కుని దర్శనమిచ్చారు. ఆ ఊరేగింపులో సదర్లాండ్ జమీందారిణి పంపిన మనుషులూ టార్టాన్ కట్టుకుని నడిచారు. కిల్డోనన్ ఇళ్ళ కప్పులు పీకేసి అప్పటికి ఎంతో కాలం కాలేదు. లోయలో జనం ఉన్నంత కాలం మీకు ఆ వైభోగం పట్టలేదు. జనం వెళ్ళిపోయాకే మీరు వాళ్ళ సంప్రదాయం అయ్యారు.

యుక్రెయిన్ ఆడపడుచు నాకేమీ లేదా అంటే మా మేనేజర్ వెంటనే రాయల్ స్టూవర్ట్ అనే గళ్ళ బట్ట తీసి పరిచాడు. ఇది ఎవరైనా వేసుకోవచ్చన్నాడు. గోత్రం తెలియదంటే కాశ్యప అని చదివేసి సంకల్పం కానిచ్చే మా పురోహితుడు గుర్తొచ్చాడు. అది కూడా నచ్చకపోతే సొంతంగా ఒకటి గీయించుకుని, ఫీజు కట్టి, 2009లో మొదలైన ప్రభుత్వ టార్టాన్ రిజిస్టర్‌లో ఎక్కించుకోవచ్చు. మా ఇంటిపేరు మీద ఒకటి ఎక్కిద్దామా అని నేనూ ఆలోచించాను. ఫీజు చూసి ఆగాను.

కాబట్టి కోరేది ఒక్కటే. మీ లేబుల్ మీద నూరు శాతం ఉన్ని, చన్నీళ్ళలో ఉతకాలి అని వేస్తున్నారు కదా. దాని కింద ఇంకో లైను వేయించండి: ఈ గళ్ళ దొరగారు తన కౌలుదార్లను ఏ సంవత్సరంలో ఖాళీ చేయించారో. ఖాళీ చేయించకపోతే ఆ జాగా ఖాళీగా వదిలేయండి. అమ్మకాలు పడిపోతాయని టెన్షన్ అక్కర్లేదు. పెద్దాయన అంతా తెలిసే మఫ్లరు, టై, బ్యాడ్జీ తీసుకున్నారు. డబ్బు కట్టే ముందు ఆవిడ బిల్లు మళ్ళీ వేయించి, బ్యాడ్జీ తీసేయించింది.

ఇట్లు,
మీ మడతలు తెలిసినవాడు