గల్ఫ్ విమానం ఎక్కేముందే ఈ ముక్క చెప్పండి

చెన్నైలో కువైట్ విమానం ఎక్కేవాళ్లలో రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అక్కడున్న బావ కోసం ఒక విస్కీ సీసాను పంచెలో చుట్టి, ఊరగాయ డబ్బాల మధ్య పెట్టుకెళ్లే కుర్రాడికి ఆ దేశంలో మద్యం పూర్తిగా నిషేధమని ఎవరూ చెప్పరు. మన ఊళ్లలో గల్ఫ్ అంటే అంతా ఒకటే. దుబాయ్‌లో దొరికేది కువైట్‌లో ఎందుకు దొరకదనే అనుకుంటారు.

దుబాయ్‌లో 21 ఏళ్లు నిండిన ముస్లిమేతరులు లైసెన్సు తీసుకుని కొనుక్కోవచ్చు. ఆ లైసెన్సును 2023లో ఉచితం చేశారు. అప్పుడే ఎత్తేసిన 30 శాతం పన్ను మాత్రం 2025లో మళ్లీ వచ్చింది. అద్దె తక్కువని మనవాళ్లు కాపురం పెట్టే పక్కనున్న షార్జాలో దుకాణాల్లోనూ హోటళ్లలోనూ మద్యం దొరకదు. ఖతార్‌లో పర్మిట్ కావాలి, దానికి జీతం కాగితం చూపాలి. సౌదీలో 1952 నుంచీ నిషేధం. 2024లో రియాద్‌లో ఒక దుకాణం తెరిచినా అప్పుడది ముస్లిమేతర దౌత్యవేత్తల కోసమే. సౌదీలో కాస్త డబ్బున్న ఉద్యోగి సెలవు రోజున కారేసుకుని వంతెన దాటి బహ్రెయిన్ వెళ్లి తాగొస్తాడు. క్యాంపులో ఎనిమిది మందితో గది పంచుకునే కూలీకి కారెక్కడిది? వాడికి దొరికేది దొంగచాటు సరుకే.

ఆ సరుకు ఏం చేస్తుందో 2025 ఆగస్టులో కువైట్‌లో చూశాం. మెథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన సారా తాగి 23 మంది చనిపోయారు. 160 మంది దాకా ఆసుపత్రి పాలయ్యారు. వారిలో చాలామందికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది, కొందరికి చూపు దెబ్బతింది. బాధితులంతా ఆసియా దేశాలవాళ్లే, మన భారతీయులూ అందులో ఉన్నారు. చెన్నైలో ఉన్నవాళ్లకు ఈ కథ కొత్త కాదు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో ఇదే విషం 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడ సర్కారు దుకాణం ఊళ్లోనే ఉన్నా, చేతిలో డబ్బుల్లేనివాడు ప్యాకెట్ సారాకే పోయాడు.

నిషేధం పెట్టుకోవడం ఆ దేశం ఇష్టం. దాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు, వెళ్లినవాడు పాటించాల్సిందే. మా బెంగ వేరు. మెథనాల్ తాగగానే తెలియదు. మామూలు మత్తులాగే ఉంటుంది. సగం రోజో, ఒక రోజో గడిచాక కడుపునొప్పి, వాంతులు, కళ్ల ముందు మంచు పట్టినట్టు మసక. ఆ మసకను హ్యాంగోవర్ అనుకుని పడుకున్నవాడు కొన్నిసార్లు లేవడు. తొందరగా చేరిస్తే విరుగుడు మందు ఉంది, డయాలసిస్ ఉంది. కానీ ఆసుపత్రికి వెళితే పోలీసులొస్తారని, అకామా (అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి) పోతుందని, ఇంటికి పంపేస్తారని భయం. పంపించేసినా ఫర్వాలేదు, మనిషి మిగులుతాడు. గదిలోని సావాసగాళ్లకు ఈ ధైర్యం ముందే నూరిపోయాలి.

వలస కార్మికులకు ప్రయాణానికి ముందు కేంద్రం ఉచితంగా ఒక రోజు శిక్షణ ఇస్తోంది. ఏ దేశంలో మద్యం నిషేధమో, ఎక్కడ లైసెన్సు కావాలో, మసక కమ్మితే ఏం చేయాలో అందులో అరగంట తెలుగులో చెప్పాలి. మన ఎంబసీ హెల్ప్‌లైన్ నంబరును అక్కడే వాళ్ల ఫోన్లలో ఎక్కించాలి. మెడికల్ అనీ, వీసా స్టాంపింగ్ అనీ మనిషిని పదిసార్లు చెన్నైకి తిప్పుకునే ఏజెంట్లకూ ఈ బాధ్యత అప్పగించాలి, చెప్పినట్టు సంతకం తీసుకోవాలి.